పతకం అంచున "25-లండ్. ఆర్." అని ఉంటే: లండన్ రెజిమెంట్ కథ

మీ ప్రశ్న చూశానండీ. లండన్‌లో పాత సామాన్ల సంతలో ఒక వెండి పతకం కొన్నారు. ఒకవైపు ఐదో జార్జి తల, అంచు మీద ఒక సిపాయి పేరు, ఆరంకెల నంబరు, చివర "25-లండ్. ఆర్." అని చెక్కి ఉంది. వెతికితే అది "లండన్ రెజిమెంట్" అనే రిజర్వు పదాతి దళమని తేలింది. మీరు అడిగినవి మూడు. ఒకే రెజిమెంటుకు 1 నుంచి 28 దాకా నంబర్లు ఏమిటి, వాటిలో 26, 27 ఎందుకు కనబడటం లేదు? రిజర్వు వాళ్లంటే నిజంగా యుద్ధానికి వెళ్లినవాళ్లేనా? మన దేశంతో దీనికేమైనా సంబంధం ఉందా?

నేను ఉద్యోగం చేసుకుంటూనే పదకొండేళ్లు మన టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) అనే రిజర్వు సైన్యంలో ఉన్నాను. అక్కడున్నప్పుడే ఈ పాత బ్రిటిష్ టెరిటోరియల్ దళాల చరిత్ర చదవడం మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు. అందుకే జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. లండన్ రెజిమెంట్ అన్నది ఒక గొడుగు పేరు. దాని కింద నంబరున్న ఒక్కో దళం ఒక్కో బెటాలియన్. సిపాయి దృష్టిలో అసలు రెజిమెంట్ తన బెటాలియనే, అంటే తన వీధిలోనో తన ఆఫీసు పక్కనో ఉన్న డ్రిల్ హాలు. "నేను లండన్ రెజిమెంట్ వాణ్ని" అని ఎవరూ చెప్పుకునేవారు కాదు. "నేను లండన్ స్కాటిష్", "నేను పోస్టాఫీస్ రైఫిల్స్", "నేను సివిల్ సర్వీస్ రైఫిల్స్" అనేవారు.

ఎందుకంటే ఈ దళాలు రెజిమెంట్ కంటే యాభై ఏళ్లు పెద్దవి. 1859లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ దండెత్తి వస్తాడేమోనని ఇంగ్లండంతా హడలిపోయింది. ఆ మే నెలలో ప్రభుత్వం వలంటీర్ దళాలు పెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చింది. లండన్‌లో ఎవరి గుంపు వాళ్లు దళం కట్టేశారు. స్కాట్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఒకటి, ఐర్లండ్ వాళ్లు ఒకటి, గుమాస్తాలు ఒకటి, చిత్రకారులు ఒకటి. ఆ చిత్రకారుల దళమే ఆర్టిస్ట్స్ రైఫిల్స్. మిల్లే, లేటన్, విలియం మోరిస్ లాంటి పెద్ద పేర్లు అందులో ఉన్నాయి. 1867లో ఐరిష్ తిరుగుబాటుదారులు క్లర్కెన్‌వెల్ జైలు గోడ పేల్చాక, తపాలా ఉద్యోగులు కూడా కలిసి 1868లో తమ దళం పెట్టుకున్నారు. కొన్ని దళాల్లో చేరాలంటే జీతం రావడం మాట అటుంచి, మనమే ఎదురు చందా కట్టాలి!

లండన్ స్కాటిష్ యూనిఫారం గురించి చెప్పకుండా ఉండలేను. స్కాట్లండ్‌లో ఏ వంశానికి ఆ వంశం గళ్ల బట్ట ఉంటుంది. ఏ ఒక్కరి గళ్లు ఎంచుకున్నా మిగతావాళ్లకు కోపం. వాళ్ల మొదటి కమాండర్ లార్డ్ ఎల్కో అసలు గళ్లే వద్దన్నాడు. మట్టి రంగు కలిసిన ముతక బూడిద ఉన్ని బట్టతో కిల్టులు, అంటే స్కాట్లండ్ మగవాళ్లు నడుముకు కట్టుకునే లంగాలాంటివి, కుట్టించాడు. దాన్ని హాడెన్ గ్రే అంటారు. జింకల వేటకు వెళ్లేవాడు చెట్టూపుట్టలో కలిసిపోయే రంగు వేసుకుంటాడు, మనుషులతో పోరాడేవాడికి అంతకంటే అవసరం కదా అన్నది ఆయన వాదన. బ్రిటిష్ సైన్యం ఇంకా ఎర్రకోట్లు తొడుక్కుంటున్న రోజుల్లో ఒక పార్ట్‌టైమ్ దళం ఇంత ముందు ఆలోచించింది. నాకు ఈ దళమంటే మొదటినుంచీ గౌరవం ఉండటానికి ఇదొక కారణం.

ఇక నంబర్ల సంగతి. యుద్ధమంత్రి హాల్డేన్ ఈ చెల్లాచెదురు దళాలన్నిటినీ ఒక కట్టుబాటులోకి తెచ్చాడు. 1907లో చట్టం, 1908 ఏప్రిల్ 1న టెరిటోరియల్ ఫోర్స్. దేశం మొత్తానికి 14 పదాతి డివిజన్లు, అంటే చాలా బెటాలియన్లు కలిసిన పెద్ద దళాలు. చేరినవాడు నాలుగేళ్లకు సంతకం పెడతాడు, వారంలో సాయంత్రాలు డ్రిల్లు, ఏటా 15 రోజుల క్యాంపు. మిగతా జిల్లాల్లో ఈ బెటాలియన్లను అక్కడి పాత రెగ్యులర్ రెజిమెంట్లకు తగిలించారు. లండన్‌లో మాత్రం దళాలు మరీ ఎక్కువ, ఒకదానికొకటి పొసగనివి. అందుకని వాటన్నిటికీ కలిపి లండన్ రెజిమెంట్ అని కొత్త పేరు పెట్టి వరుస నంబర్లు వేశారు. 5 లండన్ రైఫిల్ బ్రిగేడ్, 8 పోస్టాఫీస్ రైఫిల్స్, 14 లండన్ స్కాటిష్, 15 సివిల్ సర్వీస్ రైఫిల్స్, 18 లండన్ ఐరిష్ రైఫిల్స్, 25 సైక్లిస్ట్ బెటాలియన్, 28 ఆర్టిస్ట్స్ రైఫిల్స్.

26వ నంబరు ఆనరబుల్ ఆర్టిలరీ కంపెనీకి అనుకున్నారు. వాళ్లకు 1537లో ఎనిమిదో హెన్రీ ఇచ్చిన పత్రం ఉంది. దాదాపు నాలుగొందల ఏళ్ల చరిత్ర ఉన్న మాకు ఇరవైఆరో నంబరా అని వాళ్లు ఒప్పుకోలేదు. 27 ఇన్స్ ఆఫ్ కోర్ట్ వాళ్లకు, అంటే లాయర్ల దళానికి. వాళ్లూ చేరలేదు. ఆ రెండు నంబర్లూ అలా ఖాళీగా ఉండిపోయాయి. మీకు దొరికిన జాబితాలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఈ సిపాయిలను జనం "శనివారం రాత్రి సిపాయిలు" అని ఎగతాళి చేసేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక యుద్ధమంత్రి అయిన కిచెనర్‌కు కూడా వీళ్ల మీద నమ్మకం లేదు. వీళ్ల మీద ఆధారపడకుండా వేరే కొత్త సైన్యం కట్టుకున్నాడు. పైగా చట్టం ప్రకారం టెరిటోరియల్ సిపాయి స్వదేశ రక్షణకే బాధ్యుడు. సముద్రం దాటాలంటే తనంతట తాను ఒప్పుకుని సంతకం పెట్టాలి. 1914 ఆగస్టులో డ్రిల్ హాళ్లలో ఆ సంతకాలు జరిగాయి. మన దగ్గర టీఏ అంటే చాలామందికి ధోనీకి ఇచ్చిన గౌరవ హోదాయే గుర్తొస్తుంది. కానీ పిలుపు వచ్చినప్పుడు ఆఫీసులో ఫైలు ఎవరికి అప్పగించాలి, ఇంట్లో ఎలా చెప్పాలి అన్న టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ గుమాస్తాలు దాన్ని దాటుకుని సంతకం పెట్టారు.

లండన్ స్కాటిష్ 1914 సెప్టెంబరు నడిమిలో ఫ్రాన్స్‌లో దిగింది. మొదట రైల్వే లైన్ల వెంబడి కాపలా, మోత పనులు ఇచ్చారు. అక్టోబరు చివరికి బెల్జియంలోని ఈప్రె దగ్గర రెగ్యులర్ సైన్యం పల్చబడిపోయింది. ఉన్నపళాన వీళ్లను సెంటొమేర్ నుంచి బస్సులెక్కించారు. అవి లండన్ వీధుల్లో తిరిగే బస్సులే, సైన్యం కోసం ఫ్రాన్స్‌కు తెచ్చినవి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిన బస్సుల్లోనే వాళ్లు యుద్ధానికి వెళ్లారు. అక్టోబరు 31న మెసీన్ గుట్ట మీద దిగారు. జర్మన్లను ఎదుర్కొన్న మొట్టమొదటి టెరిటోరియల్ పదాతి దళం అదే.

అక్కడ బయటపడింది అసలు ఘోరం. వాళ్ల చేతుల్లో ఉన్నవి పాత లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకులు, కొత్త రకం తూటాకు సరిపోయేలా మార్చినవి. మ్యాగజైన్ మాత్రం సరిగ్గా కుదరలేదు, తూటా లోపలికి ఎక్కదు. వేగంగా పదేసి తూటాలు కాల్చాల్సిన తుపాకీలో ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి, బోల్టు మూసి, కాల్చి, మళ్లీ తెరిచి, మళ్లీ ఒకటి పెట్టి కాల్చారు. అదీ చీకట్లో, మీదికి దూసుకొస్తున్న మనుషుల ముందు. సుమారు 700 మందితో వెళ్లిన బెటాలియన్‌లో 394 మంది చనిపోవడమో గాయపడటమో కనబడకుండా పోవడమో జరిగింది. గాయపడ్డవాళ్లకు కట్లు కడుతున్న వాళ్ల డాక్టరును బాయినెట్‌తో పొడిచి చంపారు. అయినా ఆ రాత్రి వరుస పూర్తిగా తెగిపోలేదు. తర్వాత హాలీవుడ్ నటుడైన రొనాల్డ్ కోల్మన్ ఆ రోజు అక్కడ గాయపడ్డ సిపాయిల్లో ఒకడు. లండన్ స్కాటిష్ వాళ్లు ఆ రోజును హాలోవీన్ అనే తలుచుకుంటారు. మిగతా లోకం గుమ్మడికాయలు వెలిగించుకునే రాత్రి వాళ్లకు మెసీన్ రాత్రి.

"రిజర్వు వాళ్లు పోరాడారా" అని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క రాత్రి చెప్పి ఊరుకుంటాను. ఆ తుపాకుల సంగతి ముందే పరీక్షించి చూడకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

పుస్తకాల్లో "1/14", "2/19" అని కనబడితే తికమక పడకండి. యుద్ధంలో ప్రతి బెటాలియన్ పిల్ల బెటాలియన్లు పెట్టింది. మొదటిది 1/14, దాని తర్వాత పెట్టింది 2/14, ఆపైది 3/14. మొదటివి ఎక్కువగా 47, 56 డివిజన్లలోకి వెళ్లాయి, రెండోవి 58, 60 డివిజన్లలోకి.

1915 సెప్టెంబరు 25న ఫ్రాన్స్ ఊరు లూస్ దగ్గర లండన్ ఐరిష్ వాళ్లు ఫుట్‌బాల్ ముందుకు తన్నుకుంటూ దాడికి వెళ్లారు. ఆ బంతి ఇప్పటికీ క్యాంబర్‌వెల్‌లో వాళ్ల మ్యూజియంలో ఉంది. ఆ కథ మీకు ఎక్కడైనా దొరుకుతుంది, దాని గురించి ఎక్కువ రాయను. దానికంటే 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో హై వుడ్ అనే అడవిలో జరిగింది తెలియాలి. యుద్ధ ట్యాంకులు ప్రపంచంలో మొదటిసారి బరిలోకి దిగిన రోజది. పూర్తిగా లండన్ బెటాలియన్లతో కూడిన 47వ డివిజన్‌కు ఆ అడవి పట్టుకునే పని పడింది. మొదళ్లు, కూలిన చెట్లు నిండిన అడవిలోకి ట్యాంకులు పోలేవని, సిపాయిలను కాస్త వెనక్కి జరిపి ముందు ఫిరంగులతో కొట్టాలని డివిజన్ కమాండర్ బార్టర్ మొత్తుకున్నాడు. పైవాళ్లు వినలేదు. ట్యాంకులు మొద్దుల్లో ఇరుక్కున్నాయి. ఫిరంగి దెబ్బ తగలని జర్మన్ మెషిన్ గన్లు గుమాస్తాలను, పోస్ట్‌మెన్‌ను, కూలీలను కోసేశాయి. అడవి చివరికి చేతికి వచ్చింది, కానీ ఆ డివిజన్ 4,500 మందికి పైగా నష్టపోయింది. తర్వాత మనుషులను వృథా చేశాడని పదవి ఊడగొట్టింది బార్టర్‌నే! వద్దన్నవాడి మీదే తప్పు పడింది.

పోస్టాఫీస్ రైఫిల్స్ ఒక్కటే ఆ యుద్ధంలో 1,800 మందిని పోగొట్టుకుంది, మరో 4,500 మంది గాయపడ్డారు. వాళ్ల సార్జెంట్ ఆల్‌ఫ్రెడ్ నైట్, తపాలా శాఖ ఉద్యోగి, 1917 సెప్టెంబరు 20న ఈప్రె దగ్గర చూపిన ధైర్యానికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. అదే ఏడాది డిసెంబరు 9న పాలస్తీనాలో ఇంకో విచిత్రం. 20వ లండన్ వంటవాళ్లు ఇద్దరు నీళ్ల కోసం వెతుక్కుంటూ వెళ్తుంటే జెరూసలేం మేయరు తెల్లజెండాతో ఎదురొచ్చాడు, ఊరు అప్పగిస్తానన్నాడు. వాళ్లు బెదిరిపోయి, మా వల్ల కాదన్నారు. ఆయన ఇంకొంచెం ముందుకొచ్చి 19వ లండన్ సార్జెంట్లు సెడ్జ్‌విక్, హర్‌కూంబ్ ఇద్దరికీ అప్పగించాడు. సెయింట్ పాంక్రాస్ డ్రిల్ హాలు నుంచి బయల్దేరిన బెటాలియన్ సార్జెంట్ల ఎదుట అంత పురాతన నగరం లొంగిపోయింది.

ఇక మీ పతకం మీద ఉన్న 25వ బెటాలియన్, మీ మూడో ప్రశ్న. ఇక్కడే మన దేశం వస్తుంది.

ఇది సైకిళ్ల దళం. 1888లో 26వ మిడిల్‌సెక్స్ పేరుతో మొదలైంది. డ్రిల్ హాలు ఫుల్హమ్‌లో. సైకిల్ అప్పట్లో కొత్త యంత్రం, దాని మీద సిపాయి గుర్రం లేకుండానే వేగంగా కబురు తెస్తాడని ఆశ. యుద్ధం మొదలయ్యాక వీళ్లను ఇంగ్లండ్ తీరం కాపలాకు పెట్టారు. ఆ తర్వాత సైకిళ్లు తీసేసి మామూలు పదాతి దళంగా మార్చారు. 1916 ఫిబ్రవరి 3న డెవన్‌పోర్టులో ఓడెక్కించి ఇండియా పంపారు. ఇండియాలోని రెగ్యులర్ బ్రిటిష్ బెటాలియన్లను ఫ్రాన్స్‌కు లాగేసుకుని, వాటి కంటోన్మెంట్లలో టెరిటోరియల్స్‌ను నింపడం 1914 నుంచే నడుస్తోంది. సికింద్రాబాద్ చూసినవాళ్లకు కంటోన్మెంట్ జీవితం గురించి వేరే చెప్పక్కర్లేదు. వీళ్లు 1917లో వజీరిస్తాన్ కొండల్లో పోరాటానికి కూడా వెళ్లారు.

1919 వసంతానికి యూరప్‌లో యుద్ధం ముగిసి నెలలు గడిచాయి. వీళ్లు మాత్రం ఇంకా జలంధర్‌లో ఉన్నారు. అక్కడి బ్రిగేడ్ కమాండర్ పేరు రెజినాల్డ్ డయ్యర్.

అవునండీ, ఆ డయ్యరే. ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో గొడవలు రేగాక జలంధర్ నుంచి పంపిన సైన్యంలో ఈ బెటాలియన్ సిపాయిలు ఉన్నారు. 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపింది వీళ్లు కాదు. ఆ విషయం కచ్చితంగా చెప్పాలి. డయ్యర్ తీసుకెళ్లిన 50 మంది తుపాకీ సిపాయిలు గూర్ఖా, సిక్కు, ఫ్రాంటియర్, సింధ్ దళాల వాళ్లు. వాళ్లు 1,650 తూటాలు కాల్చారు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. కానీ ఆ రోజు డయ్యర్ పక్కనే అంగరక్షకుడిగా నిలబడిన సార్జెంట్ ఆండర్సన్ 25వ లండన్ వాడు. ఆ తర్వాత, మిస్ షేర్‌వుడ్ అనే ఇంగ్లీషు మిషనరీ మీద దాడి జరిగిన అమృత్‌సర్ గల్లీలో, అక్కడ నడిచే ప్రతి భారతీయుడూ పాక్కుంటూ వెళ్లాలని డయ్యర్ ఆజ్ఞ వేశాడు. గల్లీలో కాపలా పెట్టిన బ్రిటిష్ సిపాయిలు ఈ బెటాలియన్ వాళ్లు. నేల మీద పొట్టతో పాకుతున్న మనిషి, అతని వెనక బూట్లు, తుపాకులతో నిలబడ్డ సిపాయిలు ఉన్న ఫోటోను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాన్ని తీసింది ఆ బెటాలియన్ సార్జెంటే. అది లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

ఫుల్హమ్‌లో సాయంత్రం పూట సైకిల్ డ్రిల్లు నేర్చుకున్న కుర్రాళ్లు ఐదేళ్ల తర్వాత మన దేశపు గల్లీలో ఆ పని చేశారు. మెసీన్‌లో ఒక్కొక్క తూటా పెట్టి కాల్చినవాళ్లకు నేను ఎంత గౌరవం ఇస్తానో, ఈ పేజీని అంత స్పష్టంగా చెబుతాను. రెజిమెంట్ చరిత్ర రాసేవాళ్లలో చాలామంది 25వ బెటాలియన్ దగ్గరికి వచ్చేసరికి సైకిళ్ల ముచ్చట చెప్పి పేజీ తిప్పేస్తారు. అలా చేయకూడదు. మే నెలలో అఫ్గాన్ యుద్ధం మొదలైతే వీళ్లను సరిహద్దుకు పంపారు. అది ముగిశాకే ఇల్లు చేరారు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. లండన్ రెజిమెంట్ గొడుగు 1930ల చివర్లో మడతపడింది. బెటాలియన్లు తలా ఒక పెద్ద రెజిమెంటుకు వెళ్లిపోయాయి, కొన్నిటిని విమాన దాడుల రక్షణకు సెర్చ్‌లైట్ దళాలుగా మార్చారు. క్వీన్ విక్టోరియాస్ రైఫిల్స్ 1940 మేలో ఫ్రాన్స్‌లోని కాలే (Calais) అనే రేవు పట్టణాన్ని కాపాడుతూ చిక్కుకుపోయింది. లండన్ స్కాటిష్, లండన్ ఐరిష్ ఇటలీ వరకు వెళ్లాయి. ఆర్టిస్ట్స్ రైఫిల్స్ 1947లో ప్రత్యేక దళం ఎస్ఏఎస్‌లో టెరిటోరియల్ రెజిమెంటుగా తిరిగి పుట్టింది. 1993లో మిగిలిన రిజర్వు కంపెనీలను కలిపి మళ్లీ లండన్ రెజిమెంట్ అని పేరు పెట్టారు. అందులోంచి ఇరాక్‌కు, అఫ్గానిస్తాన్‌కు కంపెనీలు వెళ్లాయి. 2022 మే 1న ఆ పేరు కూడా పోయింది. ఇప్పుడు అది లండన్ గార్డ్స్. కానీ అందులో స్కాట్స్ గార్డ్స్ కంపెనీ పేరు మెసీన్, ఐరిష్ గార్డ్స్ కంపెనీ పేరు లూస్. గొడుగు పేరు రెండుసార్లు మారినా కంపెనీ పేర్లలో ఆ రోజులు మిగిలాయి.

చివరగా మీ పతకం. మీరు చెప్పినదాన్ని బట్టి అది బ్రిటిష్ వార్ మెడల్. ఆరంకెల నంబరు టెరిటోరియల్స్ అందరికీ 1917 మొదట్లో కొత్తగా ఇచ్చింది. అంటే ఆ సిపాయి అప్పటికి దళంలో ఉన్నాడు, లేదా ఆ తర్వాత చేరాడు. పక్కన విక్టరీ మెడల్ లేదని, జత తప్పిపోయిందని బాధపడకండి. ఇండియా కంటోన్మెంట్లలో మాత్రమే పనిచేసిన టెరిటోరియల్స్‌లో చాలామందికి అసలు విక్టరీ మెడల్ రాలేదు. సర్వీసు రికార్డులు 1940 సెప్టెంబరు బాంబు దాడిలో చాలావరకు కాలిపోయాయి కాబట్టి ముందు వాటి వెంట పడొద్దు. క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పతకాల కార్డులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పేరు, నంబరు కొడితే వస్తాయి. ఆ కార్డు మీద ఇండియా జనరల్ సర్వీస్ మెడల్, అఫ్గానిస్తాన్ 1919 పట్టీ అని ఉంటే, మీ సిపాయి ఆ ఏడాది మే నుంచి ఆగస్టు లోపు సరిహద్దులో ఉన్నట్టు. అంటే అంతకు కొన్ని వారాల ముందు అతని బెటాలియన్ జలంధర్‌లో, అమృత్‌సర్‌లో ఉన్న రోజుల్లో అతనూ పంజాబ్‌లోనే ఉండి ఉండొచ్చు. కార్డు దొరికితే దాని మీద ఏం రాసి ఉందో నాకు చెప్పండి, కలిసి చదువుదాం.